నూటికి ముప్పై నాలుగు

ఆ రోజు తొమ్మిదో తరగతి వ్యవసాయం పీరియడ్‌లో తప్పింది హరిత కాదు, హరిత వాళ్ళింటి వేరుశనగ విత్తనం. నూటికి ముప్పై నాలుగు. మన దేశంలో పాసు మార్కు ముప్పై ఐదు. అంటే ఒక్క గింజలో పోయింది.

"గ్రేసు మార్కు ఒకటి కలపండి సార్!" అని వెనక బెంచీ అరిచింది. క్లాసంతా గొల్లుమంది.

పరీక్ష పెట్టింది ప్రేమ్ కుమార్ సారు. పరిగి దాటినాక వచ్చే నల్లగుట్లపల్లి హైస్కూలుకు ఆయన కిందటేడు వచ్చాడు. పుట్టింది ముదిగుబ్బలో, కాపురం ధర్మవరంలో, పాఠం ఇక్కడ. పొద్దున్నే ధర్మవరంలో రైలెక్కి, పెనుకొండ మీదుగా హిందూపురంలో దిగి, బస్సులో పరిగి చేరి, అక్కణ్ణుంచి ఎవరి బండి దొరికితే ఆ బండి వెనక కూర్చుని వచ్చేవాడు. ఉద్యోగం కాంట్రాక్టు, ప్రయాణం మాత్రం పర్మనెంటు. ఆయన రాకముందు ఆ బళ్ళో వ్యవసాయ విద్య అంటే హెడ్మిస్ట్రెస్ గది ముందున్న కరివేపాకు చెట్టుకు నీళ్ళు పోయడం. వానలు లేకపోతే రెండుసార్లు పోయడం. అది ప్రాక్టికల్సు.

ధర్మవరం నుంచి వచ్చేవాళ్ళెవరైనా పట్టుచీరలు తెస్తారు. ఈయన చీరలు చుట్టే పాత నూలుగుడ్డలు సంచి నిండా తెచ్చాడు. "ఇంటికి పోయి ఇత్తనం సంచిలో చెయ్యి పెట్టి నూరు గింజలు తీసుకోండి. కండ్లు మూసుకోని తీయాల. ఏరద్దు. లావువి, నున్నగుండేవి ఏరి తెచ్చినారంటే పరీక్షలో కాపీ కొట్టినట్టే" అని చెప్పాడు. తెచ్చిన గింజల్ని తడిగుడ్డ మీద పదేసి చొప్పున పది వరసలు పేర్చి, చాప చుట్టినట్టు చుట్టి, దారం కట్టి, బకెట్లో నిలబెట్టారు. ఐదు రోజులు తడి ఆరకుండా చూశారు. ఆరో రోజు విప్పి, తెల్లగా మొలక వచ్చిన గింజలు లెక్కపెట్టారు.

ముప్పై ఇద్దరు పిల్లలు, ముప్పై రెండు చుట్టలు. ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, తొంభై అని వరసగా వచ్చాయి. క్లాసు ఫస్టు తొంభై నాలుగు. అది స్వాతిది. స్వాతి వాళ్ళమ్మ కుళ్ళాయమ్మకు ఉన్నది ఎకరంన్నర చేను. అది చాలక నలుగురి చేలల్లో కూలికి పోతుంది. క్లాసు లాస్టు ముప్పై నాలుగు. అది ఊళ్ళో ఏడెకరాల చేనూ, పద్నాలుగెకరాలకు సరిపడే గొంతూ ఉన్న ఓబుళప్ప కూతురిది.

ధర్మవరంలో పట్టు మగ్గం మీద ఉంటుంది. హరితకు నాలుక మీద ఉంటుంది. నూటికి నూరు రాకపోయినా నోటికి నూరు వేయించుకోగల పిల్ల. "గుడ్డదే తప్పు సార్, ఇంకోసారి చేస్తా" అంది. రెండు బకెట్లు పక్కపక్కన పెట్టి, రెండు చుట్టలు చుట్టింది. ఐదు రోజులు ఆగి విప్పితే ముప్పై ఒకటి, ముప్పై ఆరు.

"మూడుసార్లూ గుడ్డ ఒకే మాట చెప్తాండాది పాపా. దానికి మీ నాయనంటే భయం ల్యా" అన్నాడు సారు.

హరితకూ లేదు. కానీ ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ లెక్క వేసుకుంది. వాన పడితే నేలలో పదును మూడు రోజులే నిలుస్తుంది. ఆ మూడు రోజుల్లో ఏడెకరాలూ విత్తేయాలి. నూటికి అరవై ఆరు గింజలు మన్నులోనే మన్నయిపోతే మళ్ళీ విత్తడానికి ఇంట్లో గింజ లేదు, ఆకాశంలో వాన లేదు. ఏడాదంతా పోతుంది.

ఓబుళప్ప రాగిముద్ద తుంచి పులుసులో అద్దుకుంటున్నాడు.

"నాయనా, మన ఇత్తనం మొలిచేట్టు లేదు. నూటికి ముప్పై నాలుగే."

"ఎవురు చెప్పింది?"

"గుడ్డ."

"ఏందీ?"

"తడిగుడ్డలో చుట్టి సూసినాం. మూడుసార్లు."

ముద్ద చేతిలోనే ఆగింది. "నేను ముప్పై ఏండ్లుగా భూమిలో ఏసి సూస్తాండా. నువ్వు ఐదు దినాలు గుడ్డలో ఏసి సూసి నాకు చెప్పొస్తివా? సెంటు భూమి లేనోడు రైలెక్కి వచ్చి, ఎకరాలుండేవోళ్ళకు ఇత్తనం పాఠం చెప్తాడా!"

"భూమి లేకపోతే లెక్క రాకుండా పోతాదా? భూమి ఉండాది గదా, నువ్వొచ్చి లెక్కబెట్టు."

"సూడమ్మా దీని నోరు!" అని ఓబుళప్ప తల్లి వైపు తిరిగాడు.

కౌసల్యమ్మవ్వ ఏమీ అనలేదు. మామూలుగా మనవరాలి పక్షమో కొడుకు పక్షమో ఏదో ఒకటి పట్టి గట్టిగా అరిచే మనిషి, ఆ రోజు పులుసు గిన్నెలోకి చూస్తూ కూర్చుంది. హరిత ఆ సంగతి గమనించింది గానీ, కారం ఎక్కువైందేమో అనుకుంది.

విత్తనం మీద ఓబుళప్పది అంత పెత్తనం. రేకుల గదిలో తెల్లటి ప్లాస్టిక్ సంచుల్లో ఒలిచిన గింజలు మూతులు కట్టి, గోడవారగా బారుదీర్చి పెట్టాడు. ఊళ్ళో ఇంకా ఎవరూ కాయలు ఒలవక ముందే, మే నెలలోనే పని ముగించినందుకు ఆయనకు ఆ సంచుల్ని చూస్తేనే కడుపు నిండేది.

బళ్ళో ఇంకో పెత్తనం ఎదురైంది. పెనుకొండలో చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ప్రదర్శన. నల్లగుట్లపల్లి తరఫున విత్తనం మొలక పరీక్ష చార్టు పోవాలి, దాని పక్కన నిలబడి చెప్పడానికి నోరున్న పిల్ల పోవాలి. అంటే హరిత. హెడ్మిస్ట్రెస్ హేమావతి మేడం చార్టు ముందు కూర్చుని కళ్ళజోడు సర్దుకుంది.

"ఇక్కడ ఎనభై ఐదు వెయ్యమ్మా. పుస్తకంలో కనీసం డెబ్భై ఉండాలని రాసుంది. ఎనభై ఐదంటే చూడ్డానికి అందంగా ఉంటుంది."

"గింజలు అందం సూసుకోని మొలవవు మేడం."

"బడికి చెడ్డపేరు తెస్తావా?"

"మా ఇంటి పేరే రాస్తా మేడం. చెడ్డదైతే మాకే అయితాది."

"మీ నాయన నా మీదకొస్తే?"

"నా మీదకు దినామూ వస్తానే ఉండాడు. ఏం కాలేదు, సూడండి."

మేడం మంచిదే, భయం ఒకటి తప్ప ఆమెకు వేరే దురలవాటు లేదు. పెన్సిల్‌తో సన్నగా 85 వేసి, దాని మీద స్కెచ్ పెన్నుతో దిద్దమని చెప్పి పోయింది. హరిత దిద్దింది. బొద్దుగా, ఎర్రగా, గుడి గోడ మీద పట్టె కొట్టినంత లావుగా 34 అని దిద్దింది. కింద "ఓబుళప్ప గారి ఇంటి విత్తనం" అని రాసింది. ఇంకో చార్టు కొనాలంటే పరిగి పోవాలి, బస్సేమో హారన్ కొడుతోంది.

పెనుకొండ హాల్లో అన్ని చార్టుల మీదా తొంభై ఐదులూ తొంభై ఎనిమిదులూ తళతళలాడుతుంటే, ఈ ముప్పై నాలుగు దగ్గరే జనం మూగారు. తప్పిన పరీక్ష చూడటంలో ఉన్న ఆనందం పాసైన పరీక్షలో ఎక్కడుంది? వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన వచ్చి చార్టునూ పిల్లనూ మార్చి మార్చి చూశాడు.

"ఏం పాపా, ఇంత తక్కువొచ్చింది?"

"తక్కువొచ్చింది ఇత్తనానికి సార్, నాకు గాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వి అడిగాడు: "సరే. ఎందుకొచ్చింది?"

హరిత నోరు తెరిచింది. లోపల ఏమీ లేదు. పద్నాలుగేళ్ళలో ఆ నోరు ఖాళీగా తెరుచుకోవడం అదే మొదటిసారి.

"తెలీదు సార్."

"తెలుసుకో మరి" అని ఆయన పక్క చార్టుకు పోయాడు.

తిరుగు బస్సులో ఆ ఒక్కమాట గొంతులో వేరుశనగ పొట్టులా అంటుకుంది. లెక్క పట్టుకుంది సరే, కారణం ఎక్కడ? ఆమె ఇంకా ఆలోచిస్తూనే ఉంది, బస్సు ఇంకా పరిగి చేరనేలేదు, చార్టు ఫోటో మాత్రం ఊరు చేరిపోయింది. ఓబుళప్ప పేరు ఇంతకుముందు పెళ్ళిపత్రికల మీద తప్ప ఎక్కడా అచ్చుకాలేదు. ఇప్పుడు ముప్పై నాలుగు కింద నలుగురి ఫోన్లలో మెరుస్తోంది.

మర్నాడు పొద్దున బడి గేటు దగ్గర ఓబుళప్ప వచ్చి నిలబడ్డాడు. గేటు పక్కనే గోడకు నల్లబోర్డు ఉంది. రోజూ దాని మీద "నేటి మంచిమాట" అని ఒకటి రాస్తారు. ఆ రోజు మంచిమాట కోపాన్ని అదుపులో పెట్టుకోవడం గురించి. దాని కిందే నిలబడి ఓబుళప్ప ఊరంతా వినేట్టు అరిచాడు.

"మా ఇత్తనం చెడిందంటే చెడగొట్టినోళ్ళు ఎవురు? మా కాయలు ఒలిచింది ఎవురు? ఆ కుళ్ళాయమ్మే గదా! మా ఇంట్లో ఆరు దినాలు ఒలిచి మంచి గింజలన్నీ కొంగున కట్టుకోని పోయింది. వాళ్ళింట్లో తొంభై నాలుగంట, నా ఇంట్లో ముప్పై నాలుగంట! మధ్యన అరవై యాడికి పోయినాయి? లెక్కలు చెప్పే అయ్యవార్లూ, చెప్పండప్పా!"

స్వాతి అప్పుడే గేటు దగ్గరికి వచ్చింది. పుస్తకాల సంచి రెండు చేతులతో గుండెకు హత్తుకుంది. ఎవరినీ చూడకుండా వెనక్కి తిరిగి ఇంటికి పోయింది.

వ్యవసాయం పీరియడ్‌లో ఆమె చోటు ఖాళీగా ఉంది. బకెట్లూ లేవు. గుడ్డల చదువు ఇంక చాలని మేడం తీయించేసింది. ప్రేమ్ కుమార్ సారు పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"మా యమ్మ గూడా కాయలు ఒలిచేదానికి కూలికి పోయేది" అన్నాడు. "ఇంటికొచ్చేటప్పుడు ఎవురో ఒకరు కొంగు ఇప్పి సూపించమనేవోళ్ళు. అందుకే చెప్తాండా. ఆ అరవై గింజలు ఎట్ల పోయినాయో మనకు తెలీదు. తెలీనిదానికి దొంగతనమని పేరు పెట్టకూడదు. తెలుసుకోవాల. అంతే పాఠం."

ఆ సాయంత్రం హరిత కుళ్ళాయమ్మ ఇంటికి పోయింది. ఆమె వాకిట్లో మేకకు ఆకు వేస్తోంది. రమ్మనలేదు, కూర్చోమనలేదు.

"ఏం పాపా, కొంగు ఇప్పి సూసేదానికి పంపించినాడా మీ నాయన?"

"నేనే వచ్చినా అత్తా. మా ఇంట్లో కాయలు ఒలిచిందీ నువ్వే, మీ ఇంట్లో ఒలిచిందీ నువ్వే. రెండు తావుల ఎట్ల ఒలిచినావో చెప్పు."

కుళ్ళాయమ్మ ఆమెను కిందికీ మీదికీ చూసింది. కుడిచేతి బొటనవేలు ముందుకు చాచింది. గోరు కింద నల్లగా గడ్డకట్టింది, చర్మం బీటలు వారింది. "ఇది మా ఇంటి కాయల పని. ఎండుకాయ నొక్కి నొక్కి ఇట్లయింది. మీ ఇంట్లో ఆరు దినాలు ఒలిస్తే దీనికి గీటు గూడా పడల్యా."

"ఎందుకు?"

"మీ కాయ మెత్తగా ఉన్నింది గదా తల్లీ! ముందురోజు సాయంత్రమే మీ అవ్వ బిందెడు బిందెడు నీళ్ళు జల్లి గోనెపట్టలు కప్పేది. పొద్దున్నే ఒలిస్తే పట్ పట్‌మని వస్తాండె. మీ నాయనది ఒకటే తొందర. ఒలిచినవి ఒలిచినట్టే, ఎండ సూపించకుండా, ప్లాస్టిక్ సంచుల్లో పోసి మూతి బిగిచ్చి కట్టినాడు. నేనడిగితిని. ఇత్తనం గదన్నా, తడిపితే ఎట్లా అని."

"ఏమన్నాడు?"

"ఒలిచేదానికొచ్చినావా, చెప్పేదానికొచ్చినావా అన్నాడు." కుళ్ళాయమ్మ మేక మెడ తట్టింది. "ఒలిచేదానికే పోయింటి. ఒలిచొచ్చినా."

తలుపు వెనక స్వాతి నిలబడి ఉంది. హరిత ఆమెకు తలూపి వాకిలి దాటింది.

ఇంటికొచ్చి నేరుగా అవ్వ దగ్గర కూర్చుంది. "అవ్వా, నీళ్ళు జల్లినావా?"

కౌసల్యమ్మ ఉలిక్కిపడింది. "జల్లకుండా ఎవురొలుస్తారే? మా అత్త జల్లె, నేను జల్తి. అప్పట్లో వాన పడినాకే ఒలిచేటోళ్ళం. ఈ పొద్దు జల్లేది, రేపు ఒలిచేది, ఎల్లుండి ఇత్తేది. భూమిలో పడే గింజ ఇంట్లో తడిస్తే ఏం, చేనులో తడిస్తే ఏం? పోయినేడు ఒలిచేలోపల పదును ఆరిపాయ గదా. అందుకని మీ నాయన ఈసారి మేలోనే ఒలిపిచ్చె..." మాట అక్కడ ఆగిపోయింది. ముసలామెకు లెక్కలు రాకపోవచ్చు, వ్యవసాయం వచ్చు. పులుసు గిన్నెలోకి ఆ రోజు ఎందుకలా చూసిందో హరితకు ఇప్పుడర్థమైంది.

తడిపేది పాత పద్ధతి. దాచేది కొత్త పద్ధతి. అవ్వ అత్తగారి నీళ్ళకూ అవ్వ కొడుకు ప్లాస్టిక్ సంచికీ పెళ్ళి చేస్తే, రేకుల గదిలో ఎండకు గింజలు నెలన్నర పాటు ఉడికాయి.

"మీ నాయనకు చెప్పొద్దే" అంది అవ్వ, హరిత చెయ్యి పట్టుకుని.

"చెప్పనులే అవ్వా. సూపిస్తా."

అటక మీద వేయించుకు తినడానికి ఉంచిన కాయలు ఉన్నాయి. అదే చేను, అదే పంట. ప్రేమ్ కుమార్ సారు చెప్పిన షరతు ఒక్కటే: "అన్నీ ఒకటిగా ఉండాల పాపా, తడి ఒక్కటే వేరుగా ఉండాల." హరిత సగం కాయలకు నీళ్ళు జల్లి, గోనెపట్ట కప్పి, మర్నాడు ఒలిచి, ప్లాస్టిక్ కవరులో మూతి కట్టి రేకుల గదిలో పెట్టింది. మిగతా సగం ఎండుగానే ఒలిచి, అలాంటి కవరులోనే మూతి కట్టి దాని పక్కనే పెట్టింది. ఎండుకాయలు ఒలిచేసరికి బొటనవేలు మంటెత్తిపోయింది. రాత్రి ముద్ద ఎడమచేత్తో తింటే నాయన తిట్టాడు. పదిరోజులు ఆగి, కళ్ళు మూసుకుని రెండింట్లోంచీ నూరేసి గింజలు తీసి, రెండు గుడ్డల్లో చుట్టింది. బళ్ళో బకెట్లు నిషేధం గనుక చుట్టలు అవ్వ మంచం కింద కాపురం పెట్టాయి. హరిత బడికి పోయినప్పుడు అవ్వే వాటి మీద నీళ్ళు చిలకరించేది. నీళ్ళు జల్లడం ఆమెకు కొత్తేం కాదు.

ఐదో రోజు సాయంత్రం వాన దంచికొట్టింది.

నేల పదునెక్కింది. ఓబుళప్ప మీసం కూడా పదునెక్కింది. ఆరో రోజు పొద్దున్నే విత్తే గొర్రు కట్టుకుని ట్రాక్టరు ఇంటి ముందుకొచ్చింది. దాన్ని నడిపే నాగరాజు ఇంజను ఆపకుండానే టీ తాగుతున్నాడు. తెల్లసంచులు ఒక్కొక్కటే గదిలోంచి బయటికొస్తున్నాయి. ట్రాక్టరు శబ్దానికి వీధిలో సగంమంది చేరారు.

హరిత రెండు చుట్టలూ తెచ్చి, సరిగ్గా ట్రాక్టరు ముందు చక్రాలకు అడ్డంగా, వాకిట్లో పరిచిన బండ మీద పెట్టి కూర్చుంది.

"లెయ్యి" అన్నాడు ఓబుళప్ప.

"లెయ్యను."

"పదును పోతాండాది పాపా, మర్యాదగా లెయ్యి."

"పదును మూడు దినాలుంటాది. నాకు ఐదు నిమిషాలు సాలు. ఇవి రెండూ మన అటక మీది కాయలే. ఇది నేను ఎండుగా ఒలిచి మూతి కట్టింది. ఇది నువ్వు ఒలిపిచ్చినట్ల తడిపి ఒలిచి, మూతి కట్టి పెట్టింది. ఏ కుళ్ళాయమ్మా వీటి దగ్గరికి రాల్యా. లెక్కబెట్టు నాయనా. లెక్కబెట్టినాక నన్ను తొక్కుకోని పోతావో, ఎక్కిచ్చుకోని పోతావో నీ ఇష్టం."

దారాలు తెంచింది. గుడ్డలు పరిచింది. మొదటిదాంట్లో తెల్లటి మొలకలు వరస తప్పకుండా, పంక్తి భోజనానికి కూర్చున్నట్టు ఉన్నాయి. రెండోదాంట్లో అక్కడొకటి, ఇక్కడొకటి. మిగతావి నల్లగా, జిగటగా, వేలు పెడితే చితికిపోయేట్టున్నాయి. వాసన కూడా వచ్చింది.

ఓబుళప్ప వంగలేదు. వంగితే లెక్కపెట్టాలి, లెక్కపెడితే ఒప్పుకోవాలి. నిటారుగా నిలబడి చూస్తున్నాడు. అప్పుడు లోపల్నుంచి కౌసల్యమ్మవ్వ వచ్చి బండ పక్కన చతికిలబడింది. ఒక్కొక్క మొలకనూ వేలితో తాకుతూ పైకి లెక్కపెట్టింది. తనకొచ్చిన లెక్క పదిదాకానే గనుక, పది కాగానే ఒక గులకరాయి పక్కన పెట్టింది. ఎండుగా ఒలిచినవాటికి తొమ్మిది రాళ్ళు, ఒక మొలక. తడిపి ఒలిచినవాటికి మూడు రాళ్ళు, ఏడు మొలకలు.

అవ్వ తల ఎత్తింది.

"నీళ్ళు జల్లింది నేను. మేలోనే ఒలిపిచ్చింది నువ్వు. సంచికి మూతి కట్టింది నువ్వు. కుళ్ళాయమ్మ కొంగున ఏమీ కట్టలేదురా."

గింజ మొలవకపోతే మనిషి ఎంత గింజుకుంటాడో వీధంతా చూసింది. ఓబుళప్ప సంచుల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, కూతురి నల్లబడిన బొటనవేలు వైపు చూశాడు. చేతిలో ఉన్న సంచిని నేల మీద దించాడు.

"ఏం సేద్దామన్నా? ఇంజను ఆపల్నా?" అని నాగరాజు అడిగాడు.

"ఆపు."

ఆగింది. ఆ నిశ్శబ్దంలో హరిత మాట ఇంకా గట్టిగా వినపడింది. "కుళ్ళాయమ్మత్త దగ్గర ఇత్తినాక గూడా రెండు మూటల కాయలు మిగుల్తాయంట. నిన్న వాళ్ళింటికి పోతే స్వాతి చెప్పింది. మా క్లాసులో ఎవురింట్లో ఎంత మొలిచిందో నా దగ్గర రాసుండాది. ఇంకో నలుగురిండ్లలో అడగొచ్చు. ముందు ఆమెనడుగు."

"నేనా?"

"అరిచింది నువ్వు గదా."

ఓబుళప్ప తన జీవితంలో కుళ్ళాయమ్మ వాకిలి ముందు నిలబడటం అదే మొదటిసారి. ఎప్పుడూ ఆమే వీళ్ళ వాకిట్లో నిలబడేది. హరిత వెనకే నిలబడింది, ఆయన పారిపోకుండా. ఆయన గొంతు సవరించుకుని, మూటల సంగతి అడిగి, ధర ఎంతైనా సరే అన్నాడు.

"ధర సంగతి తర్వాత సూద్దాం" అంది కుళ్ళాయమ్మ. "ఇస్తా. ఇత్తనం లేక భూమి ఎండితే నాకేం ఒరిగేది లేదు. అయితే అన్నా, నన్ను దొంగన్నది యాడ?"

ఓబుళప్ప నేల చూశాడు. "బడి కాడ."

"మా పాప ఆ గేటులోకి మళ్ళా పోవాల. నువ్వు నోటితో అన్నది గాలికి పోతాది. ఆ బోర్డు మీద రాయి. నీ చేత్తో."

"ఊరంతా సదువుతారు గదమ్మే!"

"ఊరంతా ఇన్నారు గదన్నా!"

పదును పోతోంది. మూడు రోజుల్లో ఒకటి అప్పటికే మొదలైంది. ఓబుళప్ప బడికి నడిచాడు, వెనకాల కుళ్ళాయమ్మ, స్వాతి, హరిత, ట్రాక్టరు పని లేక ఖాళీగా ఉన్న నాగరాజు, ఇంకా వీధిలో కాళ్ళున్న వాళ్ళందరూ. మంచిమాటను అరచేత్తో తుడిచేశాడు. గొర్రు పట్టిన చేత్తో సుద్దముక్క పట్టుకున్నాడు. చాళ్ళు తిన్నగా పోయే మనిషికి అక్షరాలు మాత్రం కొండెక్కి దిగాయి.

"కుళ్ళాయమ్మ మా గింజ ఒక్కటి గూడా తీసుకోలేదు. తడిపి చెడగొట్టింది మేమే. ఓబుళప్ప."

హేమావతి మేడం గదిలోంచి పరుగున వచ్చింది. "మంచిమాట ఎవరు చెరిపారు?"

"చెరపలేదు మేడం" అంది హరిత. "ఇదే ఈ పొద్దు మంచిమాట."

మేడం చేతిలో డస్టరు ఉంది. చుట్టూ ఊరు ఉంది. ఆమె బోర్డు చూసింది, ఊరిని చూసింది, డస్టరును కొంగు చాటుకు పెట్టుకుంది. "అక్షరదోషాలు లేవు" అని మాత్రం అంది. స్వాతి గేటు దాటి లోపలికి పోయి తన చోట్లో కూర్చుంది. అప్పుడే ఎవరిదో బండి వెనక నుంచి దిగిన ప్రేమ్ కుమార్ సారు ఆ బోర్డు రెండుసార్లు చదివి, మూలనున్న బకెట్లు తెచ్చి క్లాసులో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం నుంచి మర్నాడు చీకటి పడేదాకా ఓబుళప్ప అరుగు మీద ఇంటిల్లిపాదీ, కుళ్ళాయమ్మతో సహా, కాయలు ఒలిచారు. ఎండుగా. ఒక్క బిందె కూడా దరిదాపుల్లోకి రానివ్వలేదు హరిత. సాయంత్రానికి ఓబుళప్ప రెండు బొటనవేళ్ళకూ గుడ్డపీలికలు చుట్టుకున్నాడు. "అబ్బా" అన్నప్పుడల్లా కుళ్ళాయమ్మ, "ఒలిచేదానికొచ్చినావా అన్నా, చెప్పేదానికొచ్చినావా?" అని అడిగింది. ఆయన ఒలిచేదానికే వచ్చానన్నాడు. ఆమె రెండు మూటలూ, నలుగురి ఇళ్ళలో అడిగి తెచ్చినవీ కలిపి మూడెకరాలు విత్తారు. తెల్లసంచుల్లోని గింజలు నూనె ఆడించడానికి కూడా పనికిరాలేదు.

మిగిలిన నాలుగెకరాలకు ఇంకో వాన పడితే విత్తుదామని ఓబుళప్ప హిందూపురం పోయి విత్తనం తెచ్చాడు. తెచ్చాడు గానీ మారిపోలేదు. టీ అంగడి దగ్గర, "మొలక పరీక్ష చేయకుండా ఇత్తేటోడు రైతే కాదప్పా, నేనైతే..." అని పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. సారు పేరు చెప్పలేదు, కూతురి పేరూ చెప్పలేదు. ఆ సంగతి హరిత చెవిన పడింది. ఇంటికొచ్చి, ఒక తడిగుడ్డ తెచ్చి ఆయన ముందు పరిచింది.

"చేసి సూపించు, నాయనా."

ఓబుళప్ప కొత్త సంచి విప్పి, చెయ్యి లోపల పెట్టి, పిడికెడు గింజలు తీశాడు. వెలుతురుకు పట్టి చూశాడు. లావుగా ఉన్నదాన్ని పెట్టాడు. సన్నగా ఉన్నదాన్ని చాటుగా సంచిలోకి జారవిడిచాడు. ఇంకో నున్నటిది ఎంచి పెట్టాడు.

హరిత ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఏరద్దు" అంది. "కండ్లు మూసుకోని తీయి."